రొమ్ము క్యాన్సర్ టిష్యూ మీద మాస్ స్పెక్: పాత బ్లాకులు పనికొస్తాయా, హెర్2 తేలుతుందా?

మీ ప్రశ్న చదివాను. పీహెచ్‌డీ మొదలుపెట్టారు, పాథాలజీ విభాగంలో రొమ్ము క్యాన్సర్ పారాఫిన్ బ్లాకులు (ఫార్మలిన్‌లో నానబెట్టి మైనంలో పొదిగిన టిష్యూ ముక్కలు) బోలెడున్నాయి, ఫ్రీజర్‌లో కొన్ని ఫ్రోజెన్ ముక్కలు కూడా ఉన్నాయి. వాటి మీద మాస్ స్పెక్ (అణువుల్ని బరువుని బట్టి గుర్తించి కొలిచే పద్ధతి) చేసి ట్యూమర్‌కీ, దాని పక్కనున్న నార్మల్ టిష్యూకీ తేడా పట్టుకోవాలని మీ ఆలోచన. పాత బ్లాకులు పనికొస్తాయా, హెర్2ని (కొన్ని రొమ్ము క్యాన్సర్లలో బాగా పెరిగే ప్రోటీన్) ఐహెచ్‌సీ (యాంటీబాడీతో స్లైడుకి రంగు వేసి చూసే పరీక్ష) బదులు దీనితోనే తేల్చేయొచ్చా, ఏ పద్ధతి మంచిది, ఎన్ని నమూనాలు కావాలి, సర్జరీలో వాడే మాస్ స్పెక్ పెన్ను కూడా ఇదేనా అని అడిగారు.

ముందు సూటిగా జవాబులు. పాత పారాఫిన్ బ్లాకులు ప్రోటీన్ల కోసం బాగానే పనికొస్తాయి. ఫాస్ఫరిలేషన్ (ప్రోటీన్లకి ఫాస్ఫేట్ అంటుకోవడం) కోసమైతే వాటిని నమ్మలేం, లిపిడ్ల కోసమైతే దాదాపు పనికిరావు. హెర్2ని కొలవచ్చు, మంచి అంకె వస్తుంది, కానీ అది ఐహెచ్‌సీ రిపోర్టు పక్కన పెట్టి చదువుకోవాల్సిన అంకె. పద్ధతి అంటే మీ పరిస్థితిలో డీఐఏ (నమూనాలోని ప్రోటీన్ ముక్కలన్నిటినీ ఎంపిక లేకుండా చదివే మాస్ స్పెక్ పద్ధతి). ఇక ట్యూమర్‌ని పక్క నార్మల్‌తో పోల్చే డిజైన్ ఉంది చూశారూ, అది మాత్రం మార్చండి. ఎందుకో చెప్పడానికే ఇంత పెద్ద జవాబు రాస్తున్నాను, ఎందుకంటే ఈ పనిలో నేను చూసిన చిక్కుల్లో చాలావాటికి మిషన్‌తో సంబంధం లేదు, ట్యూబులోకి ఏ ముక్క వెళ్లిందన్న దగ్గరే మొదలయ్యాయి.

ఒకసారి పాథాలజిస్టు పక్కన కూర్చుని నార్మల్ రొమ్ము టిష్యూ స్లైడు చూడండి. ఎక్కువ భాగం కొవ్వు, ఆ తర్వాత కొలాజెన్ పోగులు, మధ్యలో అక్కడక్కడా నాళాలు, లోబ్యూల్స్ (పాలు తయారయ్యే గ్రంథులు). క్యాన్సర్ పుట్టేది ఆ నాళాల్లో, లోబ్యూల్స్‌లో ఉండే ఎపిథీలియల్ (లోపలి పూత) కణాల నుంచి. అవి ఆ ముక్కలో చాలా కొద్ది భాగం. మీరు ఆ ముక్క మొత్తాన్ని నూరి ప్రోటీన్ తీసి, ట్యూమర్ ముక్కతో పోల్చారనుకోండి, పెరిలిపిన్ 1, ఎఫ్ఏబీపీ4, అడిపోనెక్టిన్ ట్యూమర్‌లో బాగా తగ్గాయని వస్తుంది, కెరటిన్ 8, కెరటిన్ 18 పెరిగాయని వస్తుంది. పీ వాల్యూలు అద్భుతంగా ఉంటాయి. అందులో క్యాన్సర్ గురించి తెలిసింది మాత్రం దాదాపు ఏమీ లేదు. కొవ్వులో ఉండే ప్రోటీన్లు కొవ్వు ఎక్కువున్న ముక్కలో ఎక్కువున్నాయి, ఎపిథీలియంలో ఉండేవి ఎపిథీలియం ఎక్కువున్న ముక్కలో ఎక్కువున్నాయి, అంతే. ఇలాంటి పట్టికలు పట్టుకుని వచ్చే విద్యార్థులని చూస్తే నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే వాళ్ల కష్టంలో లోపం లేదు, ల్యాబులో చేసిందంతా శుభ్రంగానే చేసుంటారు.

మరి దేనితో పోల్చాలి? ట్యూమర్‌ని ట్యూమర్‌తో పోల్చండి. హార్మోన్ రిసెప్టర్ పాజిటివ్‌ని ట్రిపుల్ నెగటివ్‌తో (హార్మోన్ రిసెప్టర్లు రెండూ, హెర్2 లేని రకం), ఆపరేషన్‌కి ముందు ఇచ్చిన కీమోకి లొంగినవాటిని లొంగనివాటితో, అదే పేషెంటులో మొదటి గడ్డని లింఫ్ నోడ్‌లోని గడ్డతో. నార్మల్‌తోనే పోల్చి తీరాలంటే లేజర్ మైక్రోడిసెక్షన్‌తో రెండు వైపులా ఎపిథీలియం మాత్రమే కోసి తీయాలి. 2022లో ప్రోటీన్ పరిశోధకుడు మాథియాస్ మాన్ బృందం ప్రచురించిన డీప్ విజువల్ ప్రోటియోమిక్స్ పద్ధతి ఆ దారినే చాలా దూరం తీసుకెళ్లింది, ఇమేజ్ చూసి కణాలని ఎంచుకుని, లేజర్‌తో కోసి, ఆ కొద్దిపాటి కణాల నుంచే వేల ప్రోటీన్లు చూస్తారు. దానికి మంచి సెన్సిటివిటీ ఉన్న మిషను, బోలెడంత ఓపిక కావాలి. మొదటి ప్రాజెక్టుకి అది వద్దంటాను.

ట్యూమర్‌ని ట్యూమర్‌తో పోల్చినా ఈ చిక్కు పూర్తిగా పోదు. ఒక విద్యార్థిని లోబ్యులర్ కార్సినోమాకీ డక్టల్ కార్సినోమాకీ (రొమ్ము క్యాన్సర్‌లో రెండు రకాలు) తేడా వెతికింది. ఆమె పట్టిక పైభాగమంతా కొలాజెన్లు, డెకోరిన్, ల్యూమికాన్. లోబ్యులర్ క్యాన్సర్ స్ట్రోమాని (కణాల చుట్టూ ఉండే, ఈ ప్రోటీన్లతో నిండిన ఆధార కణజాలాన్ని) మార్చేస్తోందని వ్యాసం కూడా మొదలుపెట్టింది. స్లైడ్లు తెప్పించి చూస్తే, లోబ్యులర్ క్యాన్సర్‌లో కణాలు గుంపుగా ఉండవు కదా, ఒకదాని వెనక ఒకటి వరుసగా స్ట్రోమా పోగుల మధ్య దూరుకుంటూ పోతాయి. ఆమె కోసిన సెక్షన్లలో క్యాన్సర్ కణాలు కొద్దిగా, స్ట్రోమా చాలా ఎక్కువగా ఉన్నాయి. డక్టల్ నమూనాల్లో దీనికి తలకిందులు. క్యాన్సర్ కణాలు దట్టంగా ఉన్న చోట్లు మాత్రమే గీరి తీసి, ప్రతి నమూనాకీ పాథాలజిస్టు ఇచ్చిన ట్యూమర్ శాతాన్ని మోడల్‌లో కలిపాక కొలాజెన్లు చాలావరకు కిందికి దిగిపోయాయి, కణాలని ఒకదానికొకటి అంటించే ఈ-క్యాడెరిన్, దానికి అంటుకుని ఉండే ఆల్ఫా, బీటా కెటెనిన్లు పైకొచ్చాయి. లోబ్యులర్ క్యాన్సర్‌లో ఈ-క్యాడెరిన్ పోతుందన్నది పాథాలజిస్టులకి ఎప్పటినుంచో తెలిసిందే. తెలిసిన విషయం పైన కనబడింది కాబట్టే దాని కింద ఉన్న కొత్త పేర్లని నమ్మే ధైర్యం వచ్చింది.

కాబట్టి కోసే పద్ధతి ఇలా పెట్టుకోండి. ప్రతి బ్లాకు నుంచీ మొదటి సెక్షన్, చివరి సెక్షన్ హెచ్ అండ్ ఈ స్టెయిన్‌కి (టిష్యూ ఆకారం చూపే మామూలు రంగు) ఇవ్వండి, మధ్యవి స్టెయిన్ లేకుండా మాస్ స్పెక్‌కి ఉంచండి. పాథాలజిస్టు స్లైడ్ వెనక పెన్నుతో ట్యూమర్ చుట్టూ గీత గీసి, ఆ గీత లోపల ట్యూమర్ కణాలు ఎంత శాతమో, నెక్రోసిస్ (చచ్చిన భాగం) ఎంతో, లింఫోసైట్లు ఎంతున్నాయో రాసివ్వాలి. చివరి సెక్షన్ ఎందుకంటే, కింది సెక్షన్లకి వచ్చేసరికి గడ్డ అయిపోయి ఉండొచ్చు, బయాప్సీల్లో ఇది మరీ ఎక్కువ. ఆ స్లైడు కింద పెట్టుకుని, మీ సెక్షన్‌ని దాని మీద సరిపోల్చి, గీత లోపలిది మాత్రం బ్లేడుతో గీరి ట్యూబులో వేసుకోవడమే. పాథాలజిస్టుని పేపర్‌లో చివరి పేరుగా కాక మొదటి రోజు నుంచి పనిలో భాగస్వామిగా పెట్టుకోండి.

ఎంత టిష్యూ కావాలన్న టెన్షన్ చాలామందికి ఉంటుంది. లెక్క తేలికే. ఒక సెంటీమీటరు పొడవు, ఒక సెంటీమీటరు వెడల్పు ఉన్న ముక్కని 10 మైక్రాన్ల మందంతో కోస్తే ఘనపరిమాణం 1 ఘన మిల్లీమీటరు, బరువు దాదాపు 1 మిల్లీగ్రాము. అందులో పదో వంతు ప్రోటీన్ అనుకుంటే 100 మైక్రోగ్రాములు. పారాఫిన్ తీసి, శుభ్రం చేసే దశలన్నీ దాటాక మీ చేతికొచ్చేది అందులో సగమో, ఇంకా తక్కువో. మిషన్‌కి ఒక్క రన్‌కి కావాల్సింది 1 మైక్రోగ్రాము, కొత్త మిషన్లకి ఇంకా తక్కువ. అంటే మామూలు ప్రోటీన్ పనికి రెండు మూడు సెక్షన్లు చాలు. ఫాస్ఫో పని అంటే మాత్రం కథ వేరు. ఫాస్ఫో పెప్టైడ్లు (ఫాస్ఫేట్ ఉన్న ప్రోటీన్ ముక్కలు) మొత్తంలో చాలా కొద్ది భాగమే, వాటిని ఇనుము గానీ టైటానియం డయాక్సైడ్ గానీ ఉన్న పూసలతో వేరుగా పట్టాలి, అందుకు నమూనాకి వందల మైక్రోగ్రాముల పెప్టైడ్ ఉంటేనే హాయి.

ఇప్పుడు బ్లాకుల సంగతి. ఫార్మలిన్‌లోని ఫార్మాల్డిహైడ్ ప్రోటీన్ల మధ్య మిథిలీన్ వంతెనలు కడుతుంది, ఎక్కువగా లైసిన్ అనే అమైనో ఆమ్లం దగ్గర. ఇరవై పాతికేళ్ల క్రితం దీని వల్లే పారాఫిన్ టిష్యూ మాస్ స్పెక్‌కి పనికిరాదనేవాళ్లు. ఐహెచ్‌సీలో యాంటిజెన్ రిట్రీవల్ కోసం వేడి చేస్తారు చూశారా, అదే వేడి ఇక్కడా దారి చూపింది. జైలీన్‌తో పారాఫిన్ తీసి, ఆల్కహాల్‌తో కడిగి, ట్రిస్ బఫర్‌లో ఎస్‌డీఎస్ (ఒక డిటర్జెంట్) వేసి 95 డిగ్రీల దగ్గర గంటో, ఇంకాస్త ఎక్కువో ఉంచితే ఆ వంతెనలు చాలావరకు విడిపోతాయి. మధ్యలో సోనికేషన్ (ధ్వని తరంగాలతో కుదపడం) చేస్తే దిగుబడి పెరుగుతుంది. ఎస్‌డీఎస్ మిషన్‌లోకి వెళ్తే సిగ్నల్ చచ్చిపోతుంది కాబట్టి ఎస్‌పీ3 పూసలతోనో, ఎస్-ట్రాప్ కాలమ్‌తోనో దాన్ని పూర్తిగా తీసేసి, అప్పుడు ట్రిప్సిన్ (ప్రోటీన్లని పెప్టైడ్లుగా కోసే ఎంజైము) వేసి 37 డిగ్రీల దగ్గర రాత్రంతా వదిలేయాలి.

ఇది సరిగ్గా జరిగిందో లేదో చెప్పే చిన్న గుర్తు ఒకటుంది, దీన్ని ఎక్కువమంది చూడరు. ట్రిప్సిన్ లైసిన్ తర్వాత, ఆర్జినిన్ తర్వాత కోస్తుంది. లైసిన్ మీద ఫార్మాల్డిహైడ్ ఇంకా అంటుకుని ఉంటే అక్కడ కోయలేదు. అందుకని మీ రిజల్ట్ ఫైలు తెరిచి, లైసిన్‌తో ముగిసే పెప్టైడ్లు ఎన్ని, ఆర్జినిన్‌తో ముగిసేవి ఎన్ని అని ఒక నిష్పత్తి వేయండి, కోయకుండా మిగిలిపోయిన లైసిన్లు ఎంత శాతమో కూడా చూడండి. ఫ్రోజెన్ టిష్యూలో వచ్చే నిష్పత్తితో పోలిస్తే బ్లాకుల్లో లైసిన్ వైపు కొంచెం తగ్గడం మామూలే. ఒక నమూనాలో మాత్రం మిగతావాటికన్నా బాగా పడిపోయిందంటే ఆ బ్లాకు ఫార్మలిన్‌లో మరీ ఎక్కువసేపు నానిందో, మీ వేడి సరిపోలేదో. ఆ నమూనాని మిగతావాటితో కలిపి లెక్కేయకండి.

బ్లాకు వయసు కంటే అది ఎలా ఫిక్స్ అయిందన్నదే ముఖ్యం. పదేళ్లు దాటిన బ్లాకుల నుంచి కూడా చక్కటి డేటా వస్తుంది. రొమ్ము క్యాన్సర్ రిసెప్టర్ పరీక్షల కోసం అస్కో-క్యాప్ (అమెరికా క్యాన్సర్ డాక్టర్ల, పాథాలజిస్టుల సంఘాలు) మార్గదర్శకాలు, గడ్డ తీసిన గంటలోపు ఫార్మలిన్‌లో వేయాలనీ, అందులో 6 నుంచి 72 గంటలు ఉంచాలనీ చెబుతాయి. మీ బ్లాకుల్లో ఈ సమయాలు రాసి ఉన్నవాటినే ముందు ఎంచుకోండి. ఇంకొకటి, సెక్షన్లు కోసి నెలల తరబడి డబ్బాలో దాచకండి. గాలి తగిలి మెథయోనిన్ ఆక్సిడేషన్ పెరుగుతుంది. పాత బ్లాకు అయితే పైపై రెండు మూడు సెక్షన్లు పారేసి లోపలివి వాడండి.

ఫాస్ఫరిలేషన్‌కి ఎందుకు వద్దన్నానంటే, ఫార్మలిన్ ఫాస్ఫేట్‌ని ఊడబీకేస్తుందని కాదు. రక్తనాళం కట్టేసిన క్షణం నుంచి ఆ కణాలకి ఆక్సిజన్ ఆగిపోతుంది, స్ట్రెస్ కైనేజులు (ఫాస్ఫేట్ అంటించే ఎంజైములు) లేస్తాయి, ఫాస్ఫటేజులు (దాన్ని తీసేసేవి) పనిచేస్తూనే ఉంటాయి. ఫార్మలిన్ టిష్యూలోకి దిగేది గంటకి సుమారు ఒక మిల్లీమీటరు వేగంతో. గడ్డ లోపలి భాగానికి అది చేరేలోపు అక్కడి సిగ్నలింగ్ అంతా మారిపోయి ఉంటుంది. గడ్డని తీశాక వేర్వేరు నిమిషాల దగ్గర ఫ్రీజ్ చేసి చూసిన ప్రయోగాల్లో గంటలోపు ప్రోటీన్ల మొత్తాలు పెద్దగా కదల్లేదు, ఫాస్ఫో సైట్లు మాత్రం కొన్ని నిమిషాలకే కదలడం మొదలైంది. మీ ఫ్రీజర్‌లో ఉన్న ముక్కల విషయంలో కూడా ముందు అడగాల్సింది ఇదే, తీసిన ఎన్ని నిమిషాలకి లిక్విడ్ నైట్రోజన్‌లో వేశారు? రికార్డు లేకపోతే వాటిని ప్రోటీన్ పనికే ఉంచండి.

ఈ జాగ్రత్త ఎంత విలువైందో చెప్పడానికి పెద్ద ఉదాహరణే ఉంది. అమెరికాలోని సీప్టాక్ కన్సార్షియం (క్యాన్సర్ ప్రోటీన్లని చదివే పరిశోధనా బృందాల కూటమి) 2016లో నేచర్ పత్రికలో రొమ్ము క్యాన్సర్ ప్రోటియోజీనోమిక్స్ (జీన్లనీ ప్రోటీన్లనీ కలిపి చూసే అధ్యయనం) ప్రచురించింది. జీనోమ్ పని కోసం టీసీజీఏ (అమెరికా క్యాన్సర్ జీనోమ్ ప్రాజెక్టు) సేకరించిన 105 గడ్డల్ని మాస్ స్పెక్‌లో పెడితే, 28 నమూనాల్లో ప్రోటీన్ క్షీణించిన గుర్తులు కనబడి పక్కన పెట్టాల్సి వచ్చింది, విశ్లేషణ 77 మీద సాగింది. డీఎన్ఏకి బాగానే పనికొచ్చిన ముక్కలు ప్రోటీన్‌కి పనికిరాలేదన్నమాట. తర్వాత 2020లో సెల్ పత్రికలో వచ్చిన అధ్యయనానికి, ఈ పని కోసమే జాగ్రత్తగా సేకరించిన 122 గడ్డలు వాడారు, చికిత్స మొదలుకాకముందువి. ఆ డేటా అంతా ప్రోటియోమిక్ డేటా కామన్స్‌లో అందరికీ అందుబాటులో ఉంది. మీరు ఒక్క బ్లాకు కూడా కోయకముందు మీ ప్రశ్నని ఆ డేటాలో వేసి చూడండి. సగం ప్రశ్నలకి అక్కడే జవాబు దొరుకుతుంది, మిగతా సగం పదునెక్కుతాయి.

ఫ్రోజెన్ ముక్కలు ఓసీటీలో ఉన్నాయేమో ముందే కనుక్కోండి. క్రయోస్టాట్‌లో కోయడానికి టిష్యూని పొదిగే ఆ జిగురు పదార్థంలో పాలీఇథిలీన్ గ్లైకాల్ ఉంటుంది. అది పెప్టైడ్ల కంటే తేలిగ్గా అయనీకరణం చెందుతుంది. స్పెక్ట్రమ్‌లో సరిగ్గా 44 డాల్టన్ల ఎడంతో దువ్వెన పళ్లలా పీకులు వరుసగా లేస్తాయి (రెండు చార్జీలు ఉంటే 22 ఎడంతో), వాటి కింద పెప్టైడ్లు మునిగిపోతాయి. కాలమ్‌కి కూడా పట్టుకుంటుంది, తర్వాతి నమూనాల్లోనూ కారుతూనే ఉంటుంది. ఒక ల్యాబు నుంచి వచ్చిన మంచి ట్యూమర్ సెట్ ఇలా కాలమ్‌ని పాడుచేయడం చూశాను. ఓసీటీ ఉంటే సెక్షన్లని 70 శాతం ఇథనాల్‌తో, నీళ్లతో మార్చి మార్చి కడిగి, ఎస్‌పీ3 లాంటి శుభ్రపరిచే దశ కచ్చితంగా పెట్టి, మొదట ఒకే ఒక్క నమూనాని చిన్న రన్‌లో పరీక్షించుకున్నాకే మిగతావి పెట్టండి. ఇంకో మాట, ఫ్రోజెన్‌నీ పారాఫిన్‌నీ ఒకే పోలికలో కలపకండి. ట్యూమర్లన్నీ బ్లాకులు, నార్మల్స్ అన్నీ ఫ్రోజెన్ అయితే ఆ డేటాని ఏ స్టాటిస్టిక్సూ కాపాడలేదు.

కెరటిన్ల గురించి చెప్పకపోతే ఈ జవాబు అసంపూర్ణం. మాస్ స్పెక్ చేసే ప్రతి ఒక్కరికీ కెరటిన్ అంటే చర్మం పొట్టు, దుమ్ము, కాలుష్యం. సాఫ్ట్‌వేర్లతో వచ్చే కంటామినెంట్ జాబితాలో కెరటిన్లు గుత్తగా ఉంటాయి, ఒక్క టిక్కుతో అన్నీ ఎగిరిపోతాయి. రొమ్ము క్యాన్సర్‌లో ఇలా చేస్తే నష్టపోతారు. కెరటిన్ 8, 18, 19 ల్యూమినల్ (నాళం లోపలి వరస) కణాల గుర్తులు, కెరటిన్ 5, 14, 17 బేసల్ (బయటి వరస కణాలని పోలిన) రకానికి గుర్తులు. మీరు వెతుకుతున్న జవాబే ఆ జాబితాలో ఉండొచ్చు. చర్మం నుంచి వచ్చే కాలుష్యాన్ని ముఖ్యంగా కెరటిన్ 1, 2, 9, 10 చూసి పట్టుకోవచ్చు. కెరటిన్ 5, 14 చర్మంలోనూ ఉంటాయి కాబట్టి, అవి ఎక్కువున్న నమూనాలో 1, 10 కూడా ఎక్కువున్నాయేమో చూడండి. అవి మామూలుగానే ఉండి 5, 14, 17 మూడూ కలిసి పెరిగితే అది గడ్డ నుంచి వచ్చిందే. మాస్టెక్టమీ (రొమ్ము తొలగింపు) నమూనాలో గడ్డ చర్మానికి దగ్గరగా ఉంటే మాత్రం స్లైడు చూడాల్సిందే.

కొలాజెన్ విషయంలోనూ ఇలాంటి చిన్న సెట్టింగే ఒకటి. కొలాజెన్‌లో ప్రోలిన్లలో దాదాపు సగం హైడ్రాక్సీ ప్రోలిన్లుగా మారి ఉంటాయి. సెర్చ్‌లో ఆ మార్పుని అనుమతించకపోతే స్ట్రోమా నిండా ఉన్న టిష్యూలో కూడా కొలాజెన్ తక్కువగా కనబడుతుంది.

పద్ధతికి వస్తే, మీరు మొదలుపెట్టాల్సింది డీఐఏతో. నమూనాకి ఒక రన్, లేబుల్ ఖర్చు లేదు, తప్పిపోయిన విలువలు పాత డీడీఏ (బలమైన సిగ్నళ్లనే ఎంచుకుని చదివే పద్ధతి) కంటే బాగా తక్కువ, డీఐఏ-ఎన్ఎన్ లాంటి సాఫ్ట్‌వేర్ అకడమిక్ వాడకానికి ఉచితం. టీఎంటీ లేబులింగ్‌లో (నమూనాలకి రసాయన గుర్తులు అంటించే పద్ధతి) ఒకేసారి 16, 18 నమూనాలు కలిపి పెట్టొచ్చు, లోతు ఎక్కువ, ఫాస్ఫోకి బాగుంటుంది. సీప్టాక్ వాళ్లు 2020లో వాడింది అదే. కానీ అందులో నిష్పత్తులు నొక్కుకుపోతాయి, పది రెట్ల తేడా మూడు నాలుగు రెట్లుగా కనబడొచ్చు, బ్యాచులని జోడించే పని కూడా తలనొప్పే. మాల్డీ ఇమేజింగ్ వేరే తరహా ప్రశ్నకి: ఏ అణువు ఎక్కడుందని అడగడానికి. పారాఫిన్ సెక్షన్ల మీద పీఎన్‌గేజ్-ఎఫ్ అనే ఎంజైము చల్లి ఎన్-గ్లైకాన్లు (ప్రోటీన్ల మీది చక్కెర గొలుసులు) చూడటం చక్కగా వస్తుంది. లిపిడ్లు చూడాలంటే ఫ్రోజెనే కావాలి, ఎందుకంటే పారాఫిన్‌లో పొదిగేటప్పుడే ఆల్కహాలూ జైలీనూ లిపిడ్లని చాలావరకు కడిగేస్తాయి.

ఇప్పుడు హెర్2. ఐహెచ్‌సీలో 0, 1+, 2+, 3+ అని స్కోరు ఇస్తారు, 3+ అంటే పాజిటివ్, 2+ అంటే తేలలేదు కాబట్టి ఐఎస్‌హెచ్‌తో జీన్ కాపీలు చూస్తారు. మాస్ స్పెక్‌లో ఎంచుకున్న పెప్టైడ్లనే కొలిచే ఎస్ఆర్ఎం లేదా పీఆర్ఎం పద్ధతిలో, హెర్2 పెప్టైడ్‌కి బరువైన ఐసోటోపులతో చేసిన జంట పెప్టైడ్‌ని తెలిసిన మోతాదులో కలిపి, మైక్రోగ్రాము ప్రోటీన్‌కి ఇన్ని అట్టోమోల్స్ (అతి సూక్ష్మ మోతాదుల కొలమానం) అని అంకె తీయొచ్చు. స్టెయిన్ రంగుని కంటితో బేరీజు వేయడం కంటే ఇది మెరుగైన కొలత, అందులో సందేహం లేదు. ముఖ్యంగా కింది శ్రేణిలో. 2022లో డెస్టినీ-బ్రెస్ట్04 ట్రయల్ తర్వాత, 1+ వాళ్లూ, ఐఎస్‌హెచ్ నెగటివ్ అయిన 2+ వాళ్లూ హెర్2-లో (హెర్2 తక్కువగా ఉన్న) అనే వర్గంలోకి వచ్చారు, వాళ్లలో ముదిరిన దశలో ఉన్నవాళ్లకి ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ అనే మందు ఒక దారి అయింది. అప్పటిదాకా 0కీ 1+కీ తేడా చికిత్సని మార్చలేదు, ఆ ఐహెచ్‌సీ స్కోరు తయారైందీ జీన్ యాంప్లిఫై అయిన (కాపీలు పెరిగిన) గడ్డలని పట్టుకోవడానికే. ఆ సన్నటి గీత దగ్గర ఇద్దరు పాథాలజిస్టులు వేర్వేరుగా చదవడం మామూలు. సరైన అంకె అక్కడ ఒక మనిషికి నిజంగా పనికొస్తుంది. ఈ రంగంలో నాకు అన్నిటికంటే ఆశ ఉన్న చోటు అదే.

అయినా ఐహెచ్‌సీ బదులు కాదని ఎందుకంటున్నానంటే, మాస్ స్పెక్ అంకె ట్యూబులో ఉన్న కణాలన్నిటి సగటు. మూడో వంతే ట్యూమర్ ఉన్న 3+ సెక్షన్, అంతా ట్యూమరే ఉన్న 2+ సెక్షన్ దాదాపు ఒకే అంకె ఇవ్వొచ్చు. గడ్డలో ఒక మూల మాత్రమే హెర్2 పాజిటివ్ అయితే సగటులో అది కరిగిపోతుంది, మైక్రోస్కోపు కింద పాథాలజిస్టుకి మాత్రం కనబడుతుంది. హెర్2 పొర మీద ఉందో, లోపల ఉందో కూడా ఈ అంకె చెప్పదు. అందుకే గీరిన చోటు, ట్యూమర్ శాతం, ఐహెచ్‌సీ స్కోరు మూడూ పక్కన పెట్టుకునే చదవాలి. మీరు కొలిచేటప్పుడు కణం బయటి భాగం నుంచి ఒక పెప్టైడ్, లోపలి భాగం నుంచి ఒక పెప్టైడ్ తీసుకోండి. బయటి ముక్క తెగిపోయిన హెర్2 ఉండే గడ్డలు ఉన్నాయి, వాటిలో రెండిటి అంకెలూ కలవవు. ఇంకో తనిఖీ, క్రోమోజోమ్ 17 మీద హెర్2 జీన్ పక్కనే జీఆర్‌బీ7, స్టార్డ్3 జీన్లుంటాయి. యాంప్లిఫికేషన్‌లో ఇవి సాధారణంగా కలిసే పెరుగుతాయి. మీ డీఐఏ డేటాలో హెర్2 ఆకాశంలో ఉండి జీఆర్‌బీ7 నేల మీదుంటే నమూనా పేర్లు తారుమారయ్యాయేమో, పెప్టైడ్ తప్పుగా గుర్తించారేమో మొదట వెతకండి.

ఈస్ట్రోజెన్ రిసెప్టర్ (ఈఆర్) దగ్గర ఇంకో జాగ్రత్త. అది ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ (జీన్లని నడిపే ప్రోటీన్), కణంలో చాలా తక్కువ మోతాదులో ఉంటుంది. 1 శాతం కేంద్రకాలు స్టెయిన్ అయినా పాజిటివ్ అనే చోట (1 నుంచి 10 శాతాన్ని 2020 నుంచి ‘లో (తక్కువ) పాజిటివ్’ అని విడిగా రాస్తున్నారు), మీ డీఐఏ రన్‌లో దాని పెప్టైడ్ అసలు కనబడకపోవచ్చు. కనబడలేదు అంటే లేదు అని అర్థం కాదు. గాటా3, ఏజీఆర్2 లాంటి ప్రోటీన్లు ఈఆర్ పాజిటివ్ గడ్డల్లో మెండుగా ఉంటాయి కాబట్టి డేటా సరైన దారిలో ఉందో లేదో అవి చెబుతాయి, కానీ ఈఆర్ స్టేటస్ మాత్రం ఐహెచ్‌సీ రిపోర్టు నుంచే తీసుకోండి.

ఇది చదివేవాళ్లలో పేషెంట్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు ఉంటే వాళ్లకొక మాట. ఈ రోజుకి చికిత్స నిర్ణయించేది ఐహెచ్‌సీ, ఐఎస్‌హెచ్, అవసరమైనచోట జీన్ పరీక్షలు. మాస్ స్పెక్ చేయించలేదని ఏదో మిస్సయ్యామని దిగులు పడకండి.

సర్జరీ పెన్నుల సంగతి క్లుప్తంగా. అదీ మాస్ స్పెక్కే, ప్రశ్నే వేరు. ఇంపీరియల్ కాలేజీలో జోల్టాన్ తకాచ్ తయారుచేసిన ఐనైఫ్, కరెంటు కత్తి కోసేటప్పుడు లేచే పొగని నేరుగా మిషన్‌లోకి పీలుస్తుంది. టెక్సస్ విశ్వవిద్యాలయంలో లివియా ఎబెర్లిన్ బృందం 2017లో చూపించిన మాస్‌స్పెక్ పెన్ ఒక నీటి బొట్టుని టిష్యూ మీద కొద్ది సెకన్లు ఆనించి ఆ బొట్టుని పంపుతుంది. రెండూ ఎక్కువగా లిపిడ్లు, చిన్న అణువుల నమూనా చూసి ఇది క్యాన్సరా, మామూలు టిష్యూనా అని అక్కడికక్కడే చెప్పడానికి ప్రయత్నిస్తాయి, గడ్డ అంచులో క్యాన్సర్ మిగిలిందేమో సర్జన్‌కి తెలియడానికి. ప్రోటీన్ల జాబితా ఇవ్వవు, మీ బ్లాకుల మీద పనిచేయవు.

ఎన్ని నమూనాలంటే ఒక్క అంకె చెప్పలేను, మీరు వెతికే తేడా ఎంత పెద్దదన్న దాన్ని బట్టే. గుంపుకి ఐదారుతో మొదలుపెట్టే ప్రాజెక్టుల్లో, వేల ప్రోటీన్లని ఒకేసారి పరీక్షించినందుకు సవరణ చేశాక మిగిలేది బేసల్, ల్యూమినల్ లాంటి ఎప్పుడో తెలిసిన తేడాలే. ముందు పది పన్నెండు బ్లాకులతో పైలట్ చేసి, అదే బ్లాకుని రెండుసార్లు విడివిడిగా కోసి ప్రాసెస్ చేస్తే ఎంత తేడా వస్తోందో చూసి, ఆ తేడాతో పవర్ లెక్క (ఎన్ని నమూనాలైతే చాలో చెప్పే లెక్క) వేయండి. నమూనాలు మిషన్‌కెక్కే వరుసని కలగాపులగం చేయండి, ట్యూమర్ రకం ఒకటి సోమవారం, ఇంకొకటి మంగళవారం పెట్టకండి. అన్ని నమూనాల నుంచీ కొంచెం కొంచెం తీసి కలిపిన పూల్‌ని ఎనిమిది పది రన్‌లకి ఒకసారి పెడితే మిషన్ ఎప్పుడు జారిందో తెలుస్తుంది. హిమోగ్లోబిన్, ఆల్బుమిన్, పెరిలిపిన్, కొలాజెన్ 1, ఈ నాలుగిటి అంకెలని ప్రతి నమూనాకీ ఒక బొమ్మగా గీసి గోడకి అంటించుకోండి. ఏ నమూనాలో రక్తం ఎక్కువుందో, ఎక్కడ కొవ్వు, ఎక్కడ స్ట్రోమా ఎక్కువుందో ఏ పేపర్ చదవకుండానే కనబడుతుంది.

ఎథిక్స్ అనుమతి, బ్లాకులో ఇంకా ఎంత మిగిలింది అన్నవి మొదటి వారంలోనే తేల్చుకోండి. చిన్న బయాప్సీ బ్లాకులని రీసెర్చ్ కోసం చివరిదాకా కోసేయకండి, ఆ పేషెంటుకి రేపు జబ్బు తిరగబెడితే కొత్త పరీక్షకి అదే టిష్యూ కావాలి. సర్జరీ బ్లాకులు సాధారణంగా ఒక్కో గడ్డకి నాలుగైదు ఉంటాయి, వాటిలోంచి తీసుకోండి.

మీ బ్లాకులు ఏ ఏడాదివో, ఫిక్సేషన్ సమయాలు రాసి ఉన్నాయో లేదో, మీకు అందుబాటులో ఉన్న మిషన్ ఏదో, ఫ్రోజెన్‌లో ఓసీటీ ఉందో లేదో ఇక్కడే కింద రాయండి. దాన్ని బట్టి పైలట్‌కి ఎన్ని సెక్షన్లు కోయాలో, ట్రిప్సిన్ ఎంత వేయాలో లెక్కేసి చెబుతాను.